రాజుగారి మూడు గిన్నెలు

నాలుకమ్మకి నాలుక చచ్చిపోయి ఏడాది కావస్తోంది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ, రెండోవారు ఆవిడ మేనకోడలు పిచ్చుక. డాక్టరుకి కూడా తెలుసు గానీ, రోజూ అంతమంది నోళ్ళు చూసే మనిషికి ఎవరి నోరని గుర్తుంటుంది!

నాలుకమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనివాళ్ళు పెట్టింది. పొయ్యిలోంచి దిగిన ఏ వాయి అయినా సరే, ఆవిడ కొరికి "ఊఁ" అంటేనే డబ్బాల్లోకి వెళ్ళాలి. ఊఁ అనకపోతే వాయి మొత్తం పక్కకి. పొయ్యి మేస్త్రీ ఎవరి మాటా వినే రకం కాదు. అలాంటివాడు కూడా ఆవిడ నములుతున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడేవాడు. "నూనె మార్చారా?" అని ఆవిడ అడిగిందంటే మార్చారన్నమాటే, ఇక బుకాయించి లాభం లేదు. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆ పెద్దాయన కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు యంత్రాలు చూపించేవాడు కాదు, ఆవిణ్ణి చూపించేవాడు.

కిందటి వానల్లో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక కాఫీ తాగితే వేడినీళ్ళు, బిస్కెట్ కొరికితే అట్టముక్క. వాసనా లేదు, రుచీ లేదు. "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి అన్నేళ్ళ చదువెందుకో తెలియదు. నాలుకమ్మ ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది. జీతం సంగతి తర్వాత. ఆవిడకి మొగుడు లేడు, పిల్లలు లేరు, చెప్పుకోదగ్గ చదువు లేదు. ఉన్నదల్లా ఆ నాలుకా, అది తెచ్చిపెట్టిన పేరూ. అది కాస్తా పోయిందని తెలిస్తే, రేపట్నుంచి ఆవిడ ఎదురొస్తే మేస్త్రీ పక్కకి తప్పుకుంటాడా?

ఆ ఏడుపు చూసిన ఒకే ఒక్క మనిషి పిచ్చుక. అన్న కూతురు. చిన్నప్పుడు పళ్ళెంలో అన్నీ గెలికి తనకి నచ్చిందే ఏరుకు తినేదని ఆ పేరు. పని కోసం అత్త దగ్గరికి వచ్చి, అత్త ఇంట్లోనే ఉంటూ, అత్త చెప్పిస్తేనే ఫ్యాక్టరీలో చేరి, బిస్కెట్ల ట్రేలు మోసేది. "నువ్వేం బెంగపడకత్తా, నేనున్నానుగా" అంది ఆ రోజు. ఆ మాటతో నాలుకమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఇద్దరూ కలిసి ఉపాయం పన్నారు. పిచ్చుకని సాయానికని చెప్పి రుచిగదిలో వేయించుకుంది అత్త. పళ్ళేలు సర్దుతూ సర్దుతూ పిచ్చుక ఓ ముక్క నోట్లో వేసుకునేది. వాయి బాగుంటే ఊరుకునేది. తేడా ఉంటే చిన్నగా దగ్గేది. పొడి దగ్గు, గొంతులో ధూళి పడ్డట్టు. ఆ పైన నాలుకమ్మ తన అనుభవం కొద్దీ రంగు చూసి, విరిగిన చప్పుడు విని, వేళ్ళకంటిన పొడి నలిపి నాలుగు మాటలు జోడించేది. అలా ఏడాదిపాటు ఒక్క చెడ్డ వాయి బయటికి పోలేదు. పోనుపోను నాలుకమ్మకి అది తన నాలుకే అన్నంత ధీమా వచ్చేసింది. దగ్గు ఆలస్యమైతే ఇంటికొచ్చాక చీవాట్లు కూడా పెట్టేది.

"పెద్దాయనకి చెప్పేద్దాం అత్తా, ఎన్నాళ్ళిలా?" అని పిచ్చుక అప్పుడప్పుడూ అనేది.

"రేపు చూద్దాంలే" అనేది అత్త. ఆ రేపు ఎన్నటికీ రాదని ఇద్దరికీ తెలుసు.

కొత్త బిస్కెట్ బాగా అమ్ముడుపోయిందని పెద్దాయన ఆ శనివారం సాయంత్రం భోజనం పెట్టిస్తానన్నాడు. నలుగురే. ఆయన, మేస్త్రీ, అత్తా కోడలూ. చోటు పిచ్చుకే వెతికింది, టేబుల్ కూడా తనే ఫోన్ చేసి చెప్పి ఉంచింది. రాజదర్బారు హోటలట, చాలా సరదాగా ఉంటుందట.

సరదాకేం లోటు లేదు. గుమ్మంలోనే ఇద్దరు భటులు చెక్క బల్లేలు అడ్డం పెట్టి, "ఎవరక్కడ! ఏ దేశం నుంచి రాక?" అని గర్జించారు. మేస్త్రీ కంగారుపడి, "దేశం కాదండీ, బస్సు దిగి వస్తున్నాం" అన్నాడు. లోపల అట్టతో చేసిన కోటగోడలు, వాటి మీద ఇటుకలు గీసిన రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. చివర్న ఎత్తు మీద సింహాసనం, అందులో దూది గడ్డం పెట్టుకున్న రాజుగారు. మంత్రి వేషం కట్టినవాడు వచ్చి ఏం తింటారని అడిగాడు. పెద్దాయన మంచినీళ్ళు అడిగితే, "ప్రభువుల ఆజ్ఞ లేనిదే ఈ కోటలో చుక్క నీరు కదలదు. కాస్త వంగి అడగండి" అన్నాడు. పెద్దాయన లేచి నిలబడి వంగి మరీ అడిగాడు. అంతలో విదూషకుడు గజ్జెల టోపీతో గెంతుకుంటూ వచ్చి మేస్త్రీ పొట్ట చుట్టూ ఓసారి ప్రదక్షిణం చేసి, "ప్రభూ! వీరు ఏ రాజ్యాన్నో మింగి ఇటు వచ్చారు. మన వంటశాలకి కాపలా పెంచండి!" అని అరిచాడు.

నాలుకమ్మ పగలబడి నవ్వింది. ఏడాదిగా తిండి ముందు కూర్చోవడమంటే ఆవిడకి శిక్ష. ఇక్కడ మాత్రం తిండిని ఎవరూ పట్టించుకోవడం లేదు, అందరి కళ్ళూ వేషాల మీదే. సూప్ ఎలా ఉందని అడిగేవాడు లేడు. ఇంత మంచి చోటు వెతికినందుకు మేనకోడలి చెయ్యి ప్రేమగా నొక్కింది కూడా. పిచ్చుక చెయ్యి చల్లగా ఉంది.

భోజనం సగమయ్యాక డప్పు మోగింది. నల్ల దుప్పటి కప్పుకున్న వేగులవాడు పరుగున వచ్చి సింహాసనం ముందు మోకరిల్లాడు.

"ప్రభూ! ఘోరం! శత్రువులు తమ పాలగిన్నెలో విషం కలిపారు. మూడు గిన్నెల్లో ఏ గిన్నెలోనో తెలియదు!"

"ఎవరక్కడ! రుచి చూసేవారెవరూ లేరా ఈ రాజ్యంలో?" అన్నాడు రాజుగారు, ఊడిపోతున్న మీసాన్ని వేలితో నొక్కిపెట్టి.

ఆ హోటల్లో రోజూ జరిగే ఆటే అది. భోజనానికి వచ్చినవాళ్ళలో ఒకరిని లేపి కళ్ళకి గంతలు కడతారు. రెండు గిన్నెల్లో తియ్యటి పాలు, ఒకదాంట్లో చేదు కషాయం కలిపిన పాలు. నాలుక మీద పడగానే మొహం మాడిపోతుంది, చూసేవాళ్ళు గొల్లుమంటారు. అంతే. చిన్నపిల్లలు కూడా ఓడిపోని ఆట.

విదూషకుడు బల్లల మధ్య తిరిగి తిరిగి వచ్చి నాలుకమ్మ ముందు ఆగాడు. "ఈమెను మించిన నాలుక ఈ రాజ్యంలో లేదని మా వేగుల సమాచారం ప్రభూ!"

నాలుకమ్మ చటుక్కున పిచ్చుక వైపు చూసింది.

"నేనే చెప్పానత్తా, ఫోన్‌లో" అంది పిచ్చుక. "ఎవరిని లేపమంటారని అడిగారు. నీ పేరు చెప్తే బాగుంటుందనీ..."

"వెళ్ళండమ్మా, మన ఫ్యాక్టరీ పరువు నిలబెట్టండి" అన్నాడు మేస్త్రీ. పెద్దాయన తల వంచుకుని నీళ్ళ గ్లాసు తిప్పుతున్నాడు.

బుద్ధి ఉందా దీనికి, అని ఒళ్ళు మండింది నాలుకమ్మకి. ఇంటికెళ్ళాక కడిగెయ్యాలి. కానీ లేచి నడుస్తుంటే ఆ కోపం తగ్గి ధైర్యం వచ్చింది. పిచ్చుక ఉందిగా. ఏ గిన్నెలో ఏముందో టేబుల్ చెప్పినప్పుడే కనుక్కుని ఉంటుంది, అందుకే ధీమాగా తన పేరిచ్చింది. పిచ్చి పిల్ల, అత్త పేరు ఊరంతా వినబడాలని దాని ఆశ. దగ్గుతుందిలే.

ఎర్రగుడ్డతో గంతలు కట్టారు. చీకట్లో కూర్చుని ఆవిడ ఇంకో సంగతి కూడా తలుచుకుంది. కిందటి ఆదివారం పొద్దున కాఫీ మొదటి గుక్కలో తీపి తగిలింది. కొద్దిగానే, ఒక్క గుక్కలోనే. ఆ తర్వాత ఎన్నిసార్లు తాగినా రాలేదు. అయినా తగిలింది. పడుకున్న పిచ్చుకని కుదిపి లేపి, "వస్తోందే! తిరిగి వస్తోందే!" అని ఏడ్చినంత పని చేసింది. ఇవాళ కూడా తగిలితే?

మొదటి చెంచా నోట్లో పడింది. గోరువెచ్చగా, కాస్త చిక్కగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు. చెవులు రిక్కించింది. దగ్గు లేదు. గిన్నె అందుకుని సగం తాగేసి పెదాలు తుడుచుకుంది.

"పాలు బాగా మరిగాయి. చక్కెర సరిగ్గా సరిపోయింది" అని రుచిగదిలో చెప్పినట్టే తీర్పు చెప్పింది.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఆవిడకి కొత్త కాదు. ఆవిడ నములుతుంటే ఫ్యాక్టరీలోనూ అలాగే ఉంటుంది. భయభక్తులనుకుంది.

విదూషకుడు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. ఈసారి నాటకం గొంతు కాదు, మామూలు గొంతు. "అమ్మా, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ ఓసారి చూస్తారా?"

"నాకు రెండోసారి అక్కర్లేదు నాయనా" అంది నాలుకమ్మ.

రెండో గిన్నె చెంచా నోట్లో పడింది. అప్పుడు వినబడింది. పొడి దగ్గు, చిన్నది. వందమందిలో ఉన్నా ఆవిడ గుర్తుపట్టే దగ్గు. వెంటనే మొహం చిట్లించి, తుపుక్కున రుమాల్లో ఉమ్మింది. "ఇదే! ఇందులోనే ఉంది విషం!" మూడో గిన్నెకి దగ్గు లేదు. అదీ బాగుందంది. ఊపు వచ్చి నాటకంలోకి తనూ దిగిపోయింది. "ప్రభూ! మొదటి గిన్నె నిశ్చింతగా సేవించండి!"

గంతలు విప్పుకుని చూసేసరికి రాజుగారు మొదటి గిన్నెలో మిగిలిన పాలు పట్టుకుని విదూషకుడి వైపు బిక్కమొహం వేసుకు చూస్తున్నాడు. ఆట ప్రకారం తాగాలి కాబట్టి తాగాడు. మొహం వంకర్లు పోయింది, దూది గడ్డం సగం ఊడింది. "హా... చచ్చితిని" అని చప్పగా చెప్పి తివాచీ మీద పడుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ ఒక్కడే, "భలే ఆటపట్టించారమ్మా రాజుని! కావాలనే చేశారు కదూ!" అని నవ్వుతూ లేచి వచ్చి, మొదటి గిన్నె అడుగున వేలు పెట్టి నాకాడు. నవ్వు ఆగిపోయింది.

"బాబోయ్, ఇంత చేదా! మీరిది ఎలా తాగారమ్మా?"

 ఆవిడ పెద్దాయన్ని చూస్తోంది. పెద్దాయన ఆవిణ్ణి చూడటం లేదు, పడిపోయిన రాజునీ చూడటం లేదు. పిచ్చుకని చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. ముందే విన్నదాన్ని కళ్ళారా చూసిన మనిషిలా ఉన్నాడు. పిచ్చుక తల వంచుకుని చేతిరుమాలు మడతలు సరిచేస్తోంది. 

బల్ల దగ్గరికి వచ్చాక పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా మాట్లాడాడు.

"మిమ్మల్ని నొప్పించాలని కాదమ్మా. సోమవారం పొద్దున ఈ అమ్మాయి వచ్చి చెబితే నేను నమ్మలేదు, కోప్పడి పంపించేశాను కూడా. మళ్ళీ వచ్చి, 'మీరే చూడండి, కాకపోతే ఫ్యాక్టరీలో వద్దు, అందరి ముందూ అత్త పరువు పోతుంది, ఆటలో అయితే నవ్వుల్లో కలిసిపోతుంది' అంది. ఏడాదిగా మీరు సరేనన్న వాయిలన్నీ మీ వెనకాల తనే మళ్ళీ చూసుకుంటోందట. లేకపోతే మన పేరు ఏమయ్యేదో. మీరూ నాకు ఒక్క మాట చెప్పాల్సింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, జాలిపడ్డాడు. ఆ జాలి భరించలేక నాలుకమ్మ లేచింది. "చేతులు కడుక్కుని వస్తాను" అని, పిచ్చుక వైపు చూడకుండానే, "రావే" అంది.

చేతులు కడుక్కునే చోట రాజుగారు మీసం చేత్తో పట్టుకుని పుక్కిలిస్తున్నాడు. నాలుకమ్మని చూసి నొచ్చుకున్నాడు. "సారీ అమ్మా. ఎప్పుడూ ఇలా జరగలేదు. మేమేం కావాలని..."

"మీ తప్పేం లేదు బాబూ. మీ వేషం మీరు వేశారు" అంది. అతను కిరీటం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కుళాయి తిప్పింది, చేతులు పెట్టలేదు. నీళ్ళు ఊరికే పోతున్నాయి.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే" అంది.

"నేను తిన్నదేంటత్తా?" పిచ్చుక తగ్గలేదు. "ఏడాది నుంచీ నీ బదులు తింటున్నాను. నోట్లో పెట్టుకునేది నేను, పేరు నీకు. దగ్గు ఆలస్యమైందని తిట్లు నాకు. చెప్పేద్దాం చెప్పేద్దామని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? నువ్వు విన్నావా?"

"వినలేదు. నా తప్పే. నీకు ఓపిక చచ్చి వెళ్ళి చెప్పేశావు, అదీ ఒప్పుకుంటాను. నన్ను ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టావు, సరే, అదీ మింగుతాను." నాలుకమ్మ కుళాయి కట్టేసింది. "ఊరుకుంటే చాలు కదే. నువ్వు నోరు మెదపకుండా కూర్చున్నా నేనే బోర్లా పడేదాన్ని. మూడూ బాగున్నాయనేదాన్ని, అయిపోయేది. మంచి గిన్నెకి దగ్గావెందుకు?"

పిచ్చుక మొహం తిప్పుకుంది.

"చెప్పవే. దగ్గావెందుకు?"

"ఊరుకుంటే రెండోది మింగాక నువ్వు కనిపెట్టేస్తావేమోనని భయమేసింది" అంది పిచ్చుక, గోడ వైపు చూస్తూ.

నాలుకమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత పెద్దాయన మాట గుర్తొచ్చింది. సోమవారం పొద్దున. ఆదివారం తను దీన్ని కుదిపి లేపి కాఫీ సంగతి చెప్పింది. లోకంలో ఇంకెవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ఏడాదంతా నాలుక చచ్చి పడుంటే ఈ పిల్ల పెద్దాయన గుమ్మం తొక్కలేదు. బతుకుతోందని తెలిసిన మర్నాడు తొక్కింది.

"అంటే, నాకు రుచి తిరిగి వస్తోందని..."

"వస్తే నేను మళ్ళీ ట్రేలు మోయడమే కదత్తా" అంది పిచ్చుక. ఇప్పుడు ఏడుస్తోంది. "నీ నాలుక నీకొచ్చేస్తే ఇంక నేనెందుకు? ఆ గదిలో ఇద్దరెందుకంటారు. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నన్ను మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపించేస్తావు."

నిజానికి ఆ ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని పిచ్చుక మంచం దగ్గరికి పరుగెత్తుతూ నాలుకమ్మ అనుకున్నది వేరు. రుచి పూర్తిగా రానీ, ఇక దాచుకోవాల్సిన భయం ఉండదు, పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేస్తాను, ఏడాదిగా ఫ్యాక్టరీని నిలబెట్టింది ఈ పిల్ల నాలుకేనని చెప్పి దీన్ని నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను అనుకుంది. అనుకున్నంత మాత్రాన చేసేదేనా అంటే ఏమో, ఏడాదంతా రేపు రేపు అన్న మనిషే కదా. కానీ ఆ పొద్దున మాత్రం నిజంగానే అనుకుంది, అనుకుని సంతోషపడింది.

"ఆ ముక్క నన్నే అడగొచ్చు కదే" అంది.

"అడిగితే ఏమనేదానివి?"

నాలుకమ్మ మేనకోడలి మొహంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. చిన్నప్పుడైతే చెంగుతో తుడిచేది.

"ఇప్పుడు చెప్పను" అంది.

బల్ల దగ్గరికి వెళ్ళి సంచి తీసుకుంది. పెద్దాయన లేచి నిలబడి, ఇబ్బందిగా, "ఆ గదిలో ఇకమీదట ఈ అమ్మాయిని కూర్చోబెడదామనుకుంటున్నానమ్మా. మీరేమంటారు?" అన్నాడు.

దగ్గు సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. ఏడాది పొడుగునా ఎవరు దగ్గారో, ఇవాళ ఏ గిన్నెకి దగ్గారో చెబితే ఆ కుర్చీ ఇద్దరికీ ఉండదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన అడిగింది రుచి గురించి. ఆ ఒక్క విషయంలో, ఏడాదంతా అబద్ధమాడిన మనిషికి, ఇప్పుడు అబద్ధమాడటం చేతకాలేదు.

"మంచి నాలుకండి దానిది. నాకంటే మంచిది" అంది.

మేస్త్రీ బయటిదాకా వచ్చి గుమ్మంలో పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఎందుకు తప్పుకున్నాడో ఆవిడకి తెలియలేదు, అడగలేదు. భటులు బల్లేలు పైకెత్తి, "మళ్ళీ విచ్చేయండి మహారాణీ!" అని అరిచారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

బస్టాపు దాకా పిచ్చుక వెనకాలే వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్ళాలి మరి.

"అత్తా, చెప్పవా? అడిగితే ఏమనేదానివి?"

బస్సు వచ్చింది. నాలుకమ్మ ఎక్కి, పక్కన ఖాళీ లేని సీటు చూసుకుని కూర్చుంది.